పాట కోరినవారు

1981లో మా మేనత్త కొడుకు డిగ్రీ చదువుకని తెనాలి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. నెల తిరక్కుండానే ఎదురింటి మేడమీది అమ్మాయి మీద మనసు పారేసుకున్నాడు. ఎదురుపడి నాలుగు మాటలు మాట్లాడే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? పాటే దిక్కు. వివిధభారతి విజయవాడ కేంద్రానికి కార్డు రాస్తే కోరిన పాట వేసేవారు. వేసేముందు అడిగినవాళ్ల పేర్లూ ఊళ్లూ వరసగా చదివేవారు. తన పేరు ఆ మేడదాకా వినపడాలని బావ ఆశ.

"నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుందే, నువ్వు రాసిపెట్టు" అనేవాడు. పదిహేను పైసల కార్డు మీద పైన పాట, దాని కింద సినిమా, ఆ కింద బావ పేరు, ఊరు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చునేదాన్ని. సినిమా ఎప్పుడూ ఒకటే, 1964లో వచ్చిన 'మూగమనసులు'. పడవ నడిపే గోపి అమ్మాయిగారి మీద ఎంత ప్రేమ పెట్టుకున్నా పైకి చెప్పలేడు. ఆత్రేయ రాసిన ఆ పాట ఘంటసాల గొంతులో వస్తుంటే బావ కళ్లు తడయ్యేవి. ఆత్రేయ రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని ఊరికే అనలేదు. నామట్టుకు నాకు ఆ సినిమాలో గౌరి అంటేనే ప్రాణం. గోపినే నమ్ముకుని వాడి చుట్టూ తిరిగే ఆ పిల్లగా జమున వేసింది. ఆ మాట బావతో అంటే "గౌరిదేముందిలే" అనేవాడు.

ఎదురింటి అమ్మాయికి మరుసటేడు పెళ్లయింది. బావ చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఎవరి సంసారాలు వాళ్లవి.

మొన్న మా తమ్ముడి మనవరాలి బారసాలలో భోజనాలయ్యాక పక్కన కూర్చుని బావే కదిపాడు.

"అన్ని కార్డులు రాశాం. ఆవిడ ఒక్కసారైనా నా పేరు విందో లేదో! మనం ప్రాణం పెట్టుకున్న మనిషికి మన పేరైనా చెవిన పడకపోతే అంతకన్నా నరకం లేదే. నీకు తెలీదులే ఆ బాధ."

"నీ పేరు తర్వాత ఎవరి పేరు చదివేవారో గుర్తుందా బావా?"

"ఎక్కడ విన్నానూ! నా పేరు రాగానే వీధి అరుగు మీదికి పరిగెత్తేవాణ్ని, కిటికీ దగ్గరికి వచ్చిందేమో చూద్దామని."

నేను ప్రతిసారీ రెండు కార్డులు రాసేదాన్ని. పాట అదే, సినిమా అదే, ఊరు అదే. రెండో కార్డు మీద పేరు నాది.