మగ ఈగలకు పెట్టిన విందు

అరటిపళ్ల అత్తం చుట్టూ ముసిరే నలుసుల్లాంటి ఈగల కోసం ఎరువుల కొట్టుకు వెళ్లిన మహానుభావుణ్ణి నేను. "ఏ పంటకండీ?" అన్నాడు కొట్టాయన. వంటింటికి అని చెప్పడానికి నామోషీ వేసి, "మామిడికి" అన్నాను. పెరట్లో బంగినపల్లి చెట్టు ఉంది కదా, పూర్తిగా అబద్ధమూ కాదు. పండు ఈగల బుట్ట చేతిలో పెట్టాడు. తెచ్చి వంటింటి కిటికీకి వేలాడదీశాను.

తెల్లారేసరికి బుట్టలో బోలెడు ఈగలు. గర్వంగా మా ఆవిడను పిలిచాను. ఆమె ముందు అరటిపళ్ల వైపు చూసింది. నలుసులన్నీ అక్కడే ఉన్నాయి. "మరి వీటినెక్కణ్ణుంచి పిలుచుకొచ్చారు?" అంది.

అప్పుడు పెట్టుకున్నాను కళ్లద్దాలు. బుట్టలోవి కందిరీగ పోలికతో, పసుపు చారలతో దాదాపు 8 మిల్లీమీటర్లున్నాయి. అవి మామిడి ఈగలు, బాక్ట్రోసెరా డోర్సాలిస్. పళ్ల మీదివి 3 మిల్లీమీటర్లకు మించని ఎర్రకళ్ల డ్రోసోఫిలాలు. ఇవి పండు పులిశాక ఈస్టు కోసం వస్తాయి. మామిడి ఈగ పండును పాడుచేయడానికే వస్తుంది. ఆడది సూదిలాంటి గొట్టాన్ని తొక్కలోకి దించి గుడ్లు పెడుతుంది. కోసేదాకా లోపలి పురుగు సంగతి మనకు తెలియదు. ఇలాంటి పురుగుల వల్లే 2014లో ఐరోపా సమాఖ్య మన మామిడిని కొన్నాళ్లు రానివ్వలేదు. డ్రోసోఫిలా మాటకొస్తే, దాని తెల్లకన్ను గుట్టు విప్పిన జన్యుశాస్త్రవేత్త మోర్గన్‌కు 1933లో నోబెల్ వచ్చింది. అంతటి వంశం మీదికి వెళ్లాను నేను, అదీ తప్పుడు ఆయుధంతో.

బుట్టలోని చెక్కముక్కకు పట్టించేది మిథైల్ యూజినాల్. తులసిలోనూ ఉండే ఆ వాసనకు మామిడి ఈగల్లో మగవి పడిచస్తాయి. అది తిన్న మగవాటి మీద ఆడవాటికి మోజెక్కువ మరి. 1960ల్లో పసిఫిక్‌లోని రోటా దీవిలో దీన్నే ఎరవేసి మగవాటిని ఏరిపారేసి, ఆ ఈగనే లేకుండా చేశారు. డ్రోసోఫిలాకు దీంతో పనిలేదు, దానికి పులిసిన వాసన కావాలి.

వెరసి నేను చేసిన ఘనకార్యం: పెరట్లో తిరిగే మగ ఈగలను ఇంట్లోకి పిలవడం, అదీ అన్నం వండుకునేచోట మలాథియాన్ అనే పురుగుమందు కూడా పూసిన చెక్క వేలాడదీసి! ఆడవి మాత్రం చెట్టు మీద నిక్షేపంగా తమ పని చేసుకున్నాయి.

మా ఆవిడ గ్లాసులో కాస్త వెనిగర్, చుక్క గిన్నెల సబ్బు కలిపి పళ్ల పక్కన పెట్టింది. సాయంత్రానికి నలుసులు అందులో తేలాయి. నేను బుట్టను చెట్టుకు మార్చాను. రాలిన కాయలేరి లోతుగా పూడ్చాలట, పురుగు మట్టిలోకి దిగాకే ప్యూపా అవుతుంది కనుక. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు. నడుం నొప్పి.