ఎదురు పేజీ
జైనూర్ మండలం మార్లవాయిలో 1943లోనే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసి, గోండీ వాచకాలతో పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. పరదేశి కదా, ఇంటి మాటతో చదువు మొదలవ్వాలనుకున్నాడు పాపం! మనం తెలివిమీరాం. ఇంట్లో గోండీ, 2022 నుంచి తెలంగాణ బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఏ పేజీ రాకపోయినా పిల్లవాడు తొమ్మిదో తరగతికొచ్చేస్తాడు.

గ్రామాల్లో 14-18 ఏళ్లవాళ్లలో దాదాపు పావువంతు మంది రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేరని 2023 అసర్ విద్యా సర్వే చెప్పింది. మనం కంగారుపడం. 6 నుంచి 9 తరగతుల దాకా చదువు మెరుగుపరిచే ‘ఉన్నతి’ కార్యక్రమం ఉందిగా! పిల్లవాడి సంగతేమోగానీ సారు రాత మాత్రం బాగా మెరుగుపడింది: పొద్దున రిజిస్టరు, మధ్యాహ్నం ఆన్‌లైన్ ఫారం, సాయంత్రం నివేదిక. పాఠం సంగతా? టైం దొరికితే చూద్దాం.