ఆరు గేర్ల వైరాగ్యము

మన దేశమున ఏ వస్తువునకైనను సద్గుణములు దాని యౌవనమున గాక, రెండవమారు అమ్మకమునకు వచ్చిన తరుణముననే వికసించుననుటకు పాత మోటారుసైకిళ్ల ప్రకటనలను మించిన ప్రమాణము అక్కరలేదు. సింగిల్ ఓనరు, షోరూము కండిషను, ఇంజను విప్పలేదు, టైర్లు క్రొత్తవి, చూచినవారు వదలరు అని ఏకబిగిని సాగు ఈ నామావళికి ఫలశ్రుతి ఎల్లప్పుడును ఒక్కటే: కుర్రవాడు ఎమ్మెస్ చదువుటకు అమెరికా పోవుచున్నాడు, అందుచేతనే అమ్ముచున్నాము, లేనిచో ఈ బండిని ప్రాణముండగా విడువము. కోస్తా జిల్లాలలో ఈ కారణమున అమ్మకమునకు వచ్చుచున్న రేసుబండ్లను లెక్కించి చూచినచో, డల్లాసు నగరమున తెలుగువాడు కానివాడు ఇంకను మిగిలియున్నాడా యను సందేహము కలుగక మానదు.

మా అన్నగారి రెండవ కుమారుడు విజయవాడలో ఒక బ్యాంకున ఉద్యోగి. ఉదయమున పటమటలో బయలుదేరి గవర్నరుపేట చేరి, నగదు కౌంటరు వెనుక కూర్చుండి, సాయంకాలమునకు మరల పటమట చేరుటయే అతని దైనందిన దిగ్విజయయాత్ర. ఈ యాత్ర నిమిత్తమై అతడు నిరుటి వేసవిలో, పైన చెప్పిన విదేశగాములలో ఒకని తండ్రి వద్దనుండి, ఏడేండ్ల ప్రాయముగల 300 సీసీ రేసుబండి నొకదానిని, క్రొత్త స్కూటరు ధరకు మరి సగము కలిపి యిచ్చి కొనితెచ్చెను. మీటరు చూపినది 11,000 కిలోమీటర్లు. అయితే గేరు తొక్కు మీది రబ్బరు అరిగి నున్నబడినది. చేతిపిడుల గరుకుదనము ఏనాడో మాసిపోయినది. కాలు మోపు కడ్డీ కొనలు నేల రాచుకొని తెల్లబడినవి. మీటరు వాంగ్మూలమునకును ఈ సాక్షుల వాంగ్మూలమునకును నడుమ తక్కువలో తక్కువ ముప్పదివేల కిలోమీటర్ల అభిప్రాయభేదము కలదని నేను విన్నవింపగా, "బండి చూడమంటే పోస్టుమార్టం చేస్తావేంటి బాబాయ్!" అని వాడు చిన్నబుచ్చుకొనెను.

మోటారు వాహనముల చట్టము, 1988లోని 50వ సెక్షను ప్రకారము, అమ్మినవాడు ఆ సంగతిని 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెను. అందులకు 29, 30 సంఖ్యలుగల ఫారములు కలవు. వానిపై అమ్మినవాడు సంతకములు చేసి తన దారిని తాను పోయెను. కొన్నవాడు వానిని పదిలముగా మడిచి బీరువాలో పట్టుచీరల నడుమ దాచెను. తత్ఫలితముగా, డల్లాసులో కంప్యూటరు శాస్త్రము నభ్యసించుచున్న ఆ కుర్రవాడు బెంజిసర్కిల్ వద్ద ఎర్రదీపమును అతిక్రమించినట్లును, రెండు దినముల పిమ్మట బీసెంటురోడ్డు మొదట నో పార్కింగు బోర్డు క్రిందనే బండి నిలిపినట్లును అతని పేర ఈ-చలానులు పుట్టుచున్నవి. ఏకకాలమున రెండు ఖండములలో సంచరింపగల సిద్ధి పూర్వము మహాయోగులకు మాత్రమే యుండెడిదని విన్నాము.

ఇక ఆసనవిశేషము. సామాన్యమైన బండికి హ్యాండిలు పొట్టకెదురుగా, నడుము నిటారుగా నిలుచునట్లు అమర్చియుండును. రేసుబండికి అది ఒక కడ్డీయే కాదు. ముందు ఫోర్కుగొట్టములకు చెరియొక ప్రక్కను, బాగుగా క్రిందికి, బిగించిన రెండు పొట్టి పిడులు. కాళ్లు మోపునవి వెనుకకును పైకిని జరిగియుండును. అందుచేత దానినెక్కినవాడు కూర్చుండినట్లు గాక, సాష్టాంగపడబోయి సగములో మనస్సు మార్చుకొన్నట్లు కానవచ్చును. ఈ భంగిమ వట్టి వేషమనుకొనరాదు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున 1907 నుండి జరుగుచున్న టీటీ పందెముల వంటి తావులలో, గాలికి ఎదురొడ్డకుండ దేహమును కుదించుకొనవలసిన అవసరమునుండి పుట్టినదిది. పందెపు దినములలో అచ్చటి రహదారులను మూసివేయుదురు. మనకును రహదారులు మూయు ఆచారము లేకపోలేదు గాని, అది పెండ్లి షామియానాల నిమిత్తము.

రహస్యమేమనగా, బండి మహావేగమున దూసికొనిపోవునపుడు ఎదురుగాలియే రొమ్మును పైకెత్తి పట్టుకొని, మణికట్టులపై బడు భారమును తీర్చును. అనగా ఈ బండిమీద సుఖాసీనుడగుటకు గంటకు నూరు కిలోమీటర్లయినను పోవుచుండవలెను. కేంద్రప్రభుత్వమువారు 2018లో పురపాలక సంఘముల పరిధిలో మోటారుసైకిళ్లకు నిర్ణయించిన గరిష్ఠవేగము 60 కిలోమీటర్లు. ఏలూరురోడ్డు సాయంకాలము ఆరుగంటలకు దయతో అనుగ్రహించు వేగము పదునైదు. గాలి మోయవలసిన దేహమును మణికట్టులు మోయుచుండగా, మావాడు బ్యాంకులో నోట్లకట్టలు లెక్కించుటకు యంత్రముండుట తన అదృష్టమని చెప్పుకొనుచున్నాడు. గేర్లా, ఆరు కలవు. రెండవ గేరులోనే చట్టము గడచిపోవును గనుక, తక్కిన నాలుగును వెండికంచములవలె ఇంట నున్నవని చెప్పుకొనుటకే గాని వడ్డనకు రావు.

నీటితో చల్లబరచు ఇంజను అని చదివిన అమాయకుడు ఆ చల్లదనములో తనకును కొంత వాటా దక్కునని భ్రమపడును. చల్లదనము ఇంజనుది. ఇంజను వదలుకొన్న వేడి ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానము నడుపువాని తొడలు. బండి కదలుచున్నంతసేపు రేడియేటరు వేడిని గాలి కొనిపోవును; నిలిచి నాలుగు నిమిషములగునప్పటికి లోపలి ద్రవము నూరు డిగ్రీల దాపునకు చేరగా, పంకా దానంతటదియే ఝుమ్మని తిరుగనారంభించి, ఆ సెగనంతయు ప్లాస్టిక్కు తొడుగుల సందులనుండి మోకాళ్లమీదికి తోలును. మే నెలలో మిట్టమధ్యాహ్నము బెంజిసర్కిల్ వద్ద పచ్చదీపమునకై నిరీక్షించుచున్న మావానిని, ప్రక్క ఆటోలోని ముసలమ్మ ఒకతె చూచి, "బాబూ, బండి తగలబడేట్టుంది, దిగు నాయనా!" అని కేక వేసినదట.

దిగినను ముక్తి లేదు. ఈ బండికి మధ్యస్టాండు లేదు. ఉన్న ప్రక్కస్టాండు కొన మూడువ్రేళ్ల వెడల్పు గల ఇనుపముక్క. బెజవాడ ఎండకు మెత్తబడిన తారులో అది మెల్లమెల్లగా దిగబడి, యజమాని టీ త్రాగి వచ్చునంతలో బండి ప్రక్కనున్న సోడాబండి మీదికి చనువుగా ఒరుగును. అందుచేత మావాడు ఒక డాల్డా డబ్బా మూతను సుత్తితో చదునుచేయించి, ఎల్లప్పుడును జేబున వేసికొని తిరుగుచున్నాడు. బండి నిలిపినపుడెల్ల, దిగకముందే ఒక ప్రక్కకు వంగి ఆ మూతను నేలపై పరచి, దానిమీద స్టాండును మోపి, రెండుమార్లు ఊపి చూచి, అప్పటికి గాని హెల్మెటు తీయడు. తిరిగి బయలుదేరునపుడు మూతను మరచి వంద గజములు పోయి, బండి త్రిప్పలేక, దిగి పరుగెత్తికొని వచ్చి ఏరుకొనుటయు కద్దు. త్రిప్పలేకపోవుట ఎందులకందురేమో, ఆ పిడులు పూర్తిగా తిరుగవు. బలవంతము చేసినచో పిడికిని ట్యాంకునకును నడుమ బొటనవ్రేలు నలుగును. వెనుకనుండి లారీ వచ్చుచున్నదేమో చూతమన్నచో అద్దములు రెండింటను తన మోచేతులే దర్శనమిచ్చును. ఆత్మావలోకనమునకు ఇంతటి సౌకర్యము మరే వాహనమునను లేదు.

రోడ్ల నిర్మాణమునకు ప్రమాణములు నిర్ణయించు ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు, స్పీడుబ్రేకరు 3.7 మీటర్ల వెడల్పును 10 సెంటీమీటర్ల ఎత్తును గలిగి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున సుఖముగా దాటదగినదిగా నుండవలెనని వ్రాసిపెట్టిరి. మా వీధిలోని స్పీడుబ్రేకరు ఎత్తు విషయమున ఆ ప్రమాణమును దాటిపోయినది. వెడల్పు విషయమున మాత్రము పొదుపు పాటించినది. దానిని మునిసిపాలిటీవారు వేయలేదు. ఇంటికి గచ్చు చేయించుకొనగా మిగిలిన సిమెంటుతో ఒక గృహస్థు స్వహస్తములతో వేసెను. స్కూటర్లు ఎగిరి దుముకును, ఆటోలు గెంతును, మావాని బండి మాత్రము పొట్టక్రింది తొడుగును దానిపై ఆనించి, కర్రుమని మూలిగి, అవతలికి జారును. ఆ మూలుగు విని మా కోడలు లోపల కాఫీనీళ్లు పొయ్యిమీద పెట్టుచున్నది. హారను అవసరము లేకపోయినది.

ఆ కోడలి పక్షమున శాసనమున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 123వ నియమము, వెనుక కూర్చుండువారి వస్త్రములు చక్రమున చిక్కుకొనకుండ చక్రమును సగమునకు తక్కువగాకుండ కప్పు ఏర్పాటుండవలెనని చెప్పుచున్నది. దీనినే లోకమున శారీగార్డు అందురు. తయారుచేసినవారు దానిని విధేయతతో బిగించి పంపుదురు. మొదటి యజమాని బండి ఇంటికి చేరిన రాత్రియే స్పానరు తీసికొని ఆ నియమమును రద్దుచేయును. వెనుకసీటు అరచేతికి కొంచెము పెద్దది. ముందుసీటుకంటె జానెడెత్తున నుండుటచే, భర్త ప్రణామభంగిమలోను భార్య సింహాసనముపైనను ఉన్నట్లు దూరమునకు శోభించును గాని, బ్రేకు పడిన ప్రతిమారును సింహాసనము ముందుకు జారును. "ఇంద్రకీలాద్రి కెళ్దామని బయల్దేరితే దారిపొడుగునా ఈయన హెల్మెట్టుకే తల బాదుకుంటున్నానండీ చిన్నమామయ్యగారూ. అమ్మవారి ముందు వంచడానికి మెడ రావట్లేదు" అని ఆమె నావద్ద మొరపెట్టుకొన్నది. ఇప్పుడామె ఆటోలో పోవుచున్నది. మావాడు ఆటో వెనుక అంగరక్షకునివలె పోవుచున్నాడు.

1985లో హీరో హోండావారి సీడీ 100 మన వీధులకు వచ్చినది మొదలు, మధ్యతరగతి తెలుగువాడు బండియనగా పెట్రోలు పోసి మరచిపోదగినదను విశ్వాసముతో రెండు తరములు గడపినాడు. 2008లో యమహావారి ఆర్15 వచ్చి, నఖశిఖపర్యంతము తొడుగులు ధరించిన పందెపుబండి రూపమును 150 సీసీలోనే కుర్రకారు కందుబాటునకు తెచ్చెను. నాటినుండి బండిని మరచిపోవుట అపచారమైనది. మావాడు ఆదివారము ఉదయము చైనుముందు బాసిపట్లు వేసికొని, పాత పండ్లకుంచెతో లంకెలంకెకును కిరసనాయిలు రుద్ది, తుడిచి, నూనె పెట్టును. తన పండ్లకు ఆ వ్యవధి ఏనాడును ఇచ్చియుండలేదు.

ఆటోనగరము సంగతి చెప్పకపోవుట దోషము. లారీని ఛాసిస్ మొదలు గాలిహారను వరకు కట్టి నిలబెట్టగల ఆ మహాశిల్పుల మధ్యకు ఈ బండి వెళ్లగా, వారిలో పెద్దవాడు దాని చుట్టును ఒక ప్రదక్షిణము చేసి, "దీనికి ఏం చెయ్యాలన్నా ముందు చొక్కా విప్పాలండీ. ప్లగ్గు చూడాలన్నా అంతే" అని సెలవిచ్చెను. విప్పినారు. తొడుగులు గోడకు చేరవేసి, బోల్టులను ఒక కొబ్బరిచిప్పలో వేసినారు. ప్లగ్గు బాగుగనే యున్నది. మరల తొడిగిన పిమ్మట చిప్పలో మూడు బోల్టులు మిగిలినవి. మావాడు నిశ్చేష్టుడై చూచుచుండగా, "ఏం పర్లేదండీ, కంపెనీవాళ్లు ఎప్పుడూ రెండు ఎక్కువే పెడతారు" అని పెద్దాయన ఓదార్చెను. మూడవదానిని గురించి ఆయన ఏమియు సెలవీయలేదు. నాటినుండి 4,000 ఆర్పీఎం వద్ద బండి ఎడమప్రక్కన సన్నని తాళము వినవచ్చుచున్నది.

పక్షపాతము నాకు లేదు. ఆదివారపు వేకువను, చైను సేవకు ముందు, కనకదుర్గ వారధి దాటి గుంటూరు దిక్కునకు పోవు జాతీయ రహదారిపై, లారీలవారు ఇంకను ఢాబాలలో నిద్రించుచుండగా, మావాడు వెనుక నన్నెక్కించుకొని మూడవ గేరును, నాలుగవ గేరును చూపెను. అంతవరకు గొణుగుచుండిన ఇంజను ఒక్కసారిగా గొంతువిప్పినది. గాలి నిజముగనే వాని రొమ్మును పట్టి లేపినది. ఎడమప్రక్క తాళము సయితము శ్రుతిలో కలిసిపోయినది. వృద్ధుడనైన నేను సయితము కేక వేసితినని వాడు ఇంట చెప్పుకొనుచున్నాడు. అది భయముచేతనని నా వాదన. ఆ రహదారిపై సయితము మోటారుసైకిలునకు 80 కిలోమీటర్లే పరిమితి గనుక, అయిదవ గేరు విషయము పత్రికాముఖమున వ్రాయుట మా కుటుంబ గౌరవమునకు మంచిది కాదు.

ఇన్నిటి నడుమ పాతిక కేజీల బియ్యపుబస్తా, గ్యాసుబండ, పిల్లవాని బడిసంచి, వానలు కురియు దినములలో బ్యాంకు ఉద్యోగము మొదలైనవి రేసుబండి పరిధిలోనికి రావని తేలుటచే, వానిని నా పాత స్కూటరు నిర్వహించుచున్నది. మావాడు తోలుచొక్కా, చేతితొడుగులు ధరించి, రేసుబండిపై మా ఇంటికి వచ్చును. డబ్బా మూత పరచి దానిని నా అరుగు ప్రక్కను నిలిపి, పిల్లలెవరును తాకకుండ చూడుమని నాకు అప్పగించి, ఆ వేషముతోనే స్కూటరెక్కి రేషనుషాపునకు పోవును. మొదట ఆదివారములకే పరిమితమైన ఈ ఏర్పాటు ఇప్పుడు సోమవారమున మొదలై శనివారమున ముగియుచున్నది. మొన్న తాళము తిరిగి ఇచ్చుచు, "బాబాయ్, నీ స్కూటర్ పికప్ బాగా పడిపోయింది, ఒకసారి ఆటోనగర్లో చూపించు" అని సలహా చెప్పిపోయెను. పెట్రోలు మాత్రము పోయించలేదు.