కూర్మసేనాపర్వము

వేబరును పుక్కిట పట్టినవారు, దుర్ఖైమును పాదసూచికలతో సహా అప్పజెప్పగలవారు, ఏండ్ల తరబడి బస్తీలు తిరిగి నోటుపుస్తకములు నింపినవారు అగు సమాజశాస్త్ర శిరోమణులు, ల్యాప్‌టాపులను డాలులవలె ఎదకు హత్తుకొని, చార్జర్ తీగలను పాశములవలె త్రిప్పుచు, గోడనున్న ఏకైక ప్లగ్‌పాయింటుకై తొలి సంగ్రామము సలిపి, కంప్యూటర్ ల్యాబున మోహరించిరి. వారు జయింపవచ్చినది ఏజెంట్ ఆధారిత సిమ్యులేషన్: తెరమీద బొమ్మ మనుషులను నిలిపి, తలకొక నియమమిచ్చి వదలి, ఎట్టి సమాజము పుట్టునో చూచు విద్య.

అంతట ఆ విద్యకు సాధనమగు నెట్‌లోగో ప్రత్యక్షమాయెను. 1999లో యూరీ విలెన్‌స్కీ కట్టిన మాయానగరమది. కొత్తగా తెరచినచో 33 అడ్డవరుసలు, 33 నిలువువరుసలు, వెరసి 1089 గళ్ళు. అందలి పౌరులు తాబేళ్ళు. మందరగిరిని మోయుటకు విష్ణువంతటివాడు ఒక్క తాబేలు రూపము దాల్చెను. ఇచ్చట ఒక్క ఆజ్ఞ టైపు చేసినంతనే వేయి తాబేళ్ళుద్భవించి, మోయుటకు పర్వతమేదియు లేక, నడిమి గడిలో ఒకదానిపై నొకటి కుప్పపడియుండును. (చూపునకు బాణపు ములుకులే. తాబేలు అన్నది పాత లోగో భాష నుండి వచ్చిన ఇంటిపేరు.)

ఒక సోషియాలజీ మేడమ్ గారు, నడచిన తాబేలు అలసిపోవలెనన్న ధర్మబుద్ధితో, "సెట్ ఎనర్జీ ఎనర్జీ-1" అని లిఖించిరి. వెంటనే తెరపై పసుపుపచ్చని పట్టీ ఒకటి ప్రళయకాల మేఘమువలె క్రమ్మి, "ఎనర్జీ-1 అను పేరుగలది ఏదియు నిర్వచింపబడలేదు" అని గర్జించెను. మేడమ్ గారు కళ్ళజోడు తుడిచిరి. బ్రాకెట్లను ఎడమనుండి కుడికి లెక్కించిరి, కుడినుండి ఎడమకు లెక్కించిరి. పొరుగు వీరుడొకడు, పూర్వాశ్రమమున సి భాష నేర్చినవాడు, "చివర సెమికోలన్ పెట్టండి మేడమ్" అని అస్త్రోపదేశము చేసెను. నెట్‌లోగోలో సెమికోలన్ తరువాతిదంతయు ఉత్త వ్యాఖ్య. కావున ఆ బ్రహ్మాస్త్రము గాలిలో కలిసెను, పట్టీ చెక్కుచెదరలేదు. తుదకు బోధకుడరుదెంచి బొటనవ్రేల స్పేస్‌బారును రెండుమారులు తాకెను. వామనుడు మూడడుగులు కోరెను. ఈ భాష కోరునది రెండే ఖాళీలు, మైనసుకు అటొకటి, ఇటొకటి. అవి లేనిచో మొత్తమును ఒకే పేరుగా చదువుకొనును. పట్టీ మాయమాయెను, దిక్కులు తెరిపినిచ్చెను, ఫ్యాను తిరుగుచున్న చప్పుడు అప్పుడుగాని ఎవరికిని వినబడలేదు.

ఇంతటితో విజయమని తలచితిరా? అసలు రణమిప్పుడు మొదలు. "వ్యక్తులు సామాజిక ఒత్తిడికి లోనై మారుదురు" అన్న సిద్ధాంతమును మేడమ్ గారు తాబేటికి నివేదించిరి. తాబేలు తలయెత్తి అడిగెను: ఎవరి ఒత్తిడి? చుట్టునున్న ఎనమండుగురిదా, ఊరందరిదా? ఎందరు మారితే నేను మారవలె? అందరము ఒక్కసారిగానా, ఒకరి వెనుక ఒకరమా? గాండీవము జారవిడిచిన అర్జునునివలె మేడమ్ గారు మౌసు జారవిడిచిరి. ఆమె వ్రాసిన ముప్పది పుటల వ్యాసమున ఆ ప్రశ్నలకు ఒక్క వాక్యము లేదు.

ఇక్కడ కాస్త కావ్యం ఆపి చెప్పాలి. ఇదే చోట కంప్యూటర్ సైన్సు కుర్రాడైతే తోచిన అంకె ఒకటి వేసి ముందుకు సాగిపోతాడు. ఈవిడ ఆగారు. ఈ విద్య ఆమెకు నేర్పవలసినది అందుకే.

పిదప, జనులు పేటలుగా ఎట్లు విడిపోవుదురో చూపిన షెల్లింగ్ మహాశయుని ఘట్టము. 1971 నాటి ఆయన నమూనాలో ఎవరికిని ఎవరిపైనను పగ లేదు. పొరుగువారిలో కొందరైనా తమవారుంటే చాలు, లేనిచో ఇల్లు మారుదురు. నెట్‌లోగో గ్రంథాలయములో ఉన్న ఆ నమూనాను తెరచి, ఆ కోరికను 30 శాతమున నిలిపి గో మీట నొక్కిరి. రంగురంగుల చుక్కలు చీమలబారులవలె కదలి, పేటలుపేటలుగా విడిపోయి, సగటున 70 శాతము పొరుగు తమ రంగువారే అయినంత వరకు ఆగలేదు. శిరోమణులందరు కుర్చీలు ముందుకు లాగుకొనిరి. 20 శాతమైతే? 60 అయితే? అని ఒకరి మాటపై నొకరు పడిరి. టీ వచ్చి చల్లారెను.

బోధకులకు ఒక మనవి. షెల్లింగ్ దీన్ని మొదట కంప్యూటర్ లేకుండానే, గళ్ళ పలక మీద నాణేలు జరుపుతూ చూశాడు. మీరూ మొదటి పూట ల్యాప్‌టాపులు మూయించి, గళ్ళ కాగితమూ చిల్లరా పంచండి. స్పేస్‌బారు సంగతి భోజనాల తర్వాత చెప్పవచ్చు.