చెవికి చిప్ప

మా ఇంట్లో మూడు నెలలుగా చెక్కల పంచాయితీ నడుస్తోంది. స్టేషనుకు వెళ్తే కేసు రాసుకోరు. పెద్దమనుషుల్లో పెడదామంటే, సత్యనారాయణపురంలో నాకు తెలిసిన పెద్దమనుషుల్లో సగం మందికి చెవులే వినపడవు, ఇది చూస్తే చెవుల తగాదా. అందుకని మీ ముందు పెట్టుకుంటున్నాను.

ఫిర్యాది నేను. కాలవల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. ముద్దాయి మా అబ్బాయి. ఇంట్లోంచే ఉద్యోగం, అంటే ఉద్యోగం వాడిది, కరెంటు బిల్లు నాది. సాక్షి మా ఆవిడ. ఆవిడ ఎటు సాక్ష్యం చెబుతుందో ముప్ఫై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నేను ముందుగా కనిపెట్టలేకపోయాను. తగాదా పడ్డ ఆస్తి ఒక హెడ్‌ఫోను.

హెడ్‌ఫోను కొన్నాడని కాదు నా బాధ. కొన్నాక దాన్ని విప్పాడు. చెవుల మీద బోర్లించే ఆ రెండు గిన్నెలూ ప్లాస్టిక్‌వట, వాటి స్థానంలో చెక్కవి బిగిస్తే పాట తీరే మారిపోతుందట. వాడు వాటిని కప్పులంటాడు. నేను చిప్పలంటాను. ఈ లెక్కన ఖర్చు పెడితే చివరికి మా అందరి చేతికీ వచ్చేవి అవే కాబట్టి ఇప్పటినుంచే పేరు అలవాటు చేసుకుంటున్నాను.

వీడొక్కడే ఇలా తయారయ్యాడనుకున్నాను. కాదు, దీనికి వంశవృక్షమే ఉంది. జపాన్‌లో సోనీ వాళ్లు 1989లో ఎండీఆర్-ఆర్10 అని ఒక హెడ్‌ఫోను చేసి, దానికి జెల్కోవా అనే చెట్టు చెక్క వేశారట. ఆ చెట్టు వయసు రెండొందల ఏళ్లని చెప్పుకున్నారు. అమెరికాలో బ్రూక్లిన్‌లోని గ్రాడో వాళ్లు మహాగనీ వేస్తారు. డెనాన్ వాళ్లు ఒకదానికి వాల్‌నట్ వేసి, ఇంకోదానికి వెదురు వేశారు. ఫోస్టెక్స్ వాళ్లయితే ఒకే హెడ్‌ఫోనును మహాగనీతో ఒకసారి, పర్పుల్‌హార్ట్‌తో ఒకసారి, ఎబొనీతో ఒకసారి అమ్మారు. మహాగనీలో బేసు గుండ్రంగా ఉంటుందనీ, ఎబొనీలో ప్రతి తీగా విడివిడిగా వినిపిస్తుందనీ మా వాడు భోజనాల దగ్గర ఉపన్యాసం. ఎబొనీ అంటే మరేమీ కాదు, మన బీడీ ఆకు కోసే తునికి చెట్టుకు దగ్గర చుట్టం. ఆ మాట చెప్పి వాడి ఉత్సాహం తగ్గిద్దామనుకున్నాను. "అయితే తునికి చెక్క ఎక్కడ దొరుకుతుంది నాన్నగారూ?" అన్నాడు.

తునికి దొరకలేదు, దేవుడున్నాడు. కానీ మేలో నూజివీడు వెళ్లి ఓ బుట్ట చిన్నరసాలు పట్టుకురారా అని పంపితే, సాయంత్రం బస్సు దిగి పనస మొద్దు ముక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. మామిడిపళ్లకు పంపితే పనస చెట్టుతో వచ్చినవాడు మా వంశంలో వీడే. నూజివీడులో వీణలు చేస్తారు కదా, ఆ చెక్కిన చోట మిగిలిన ముక్కట. గొడ్డలి తగిలిన వైపు పచ్చగా, పసుపు ముద్దలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండిన చెక్కకు కూడా తియ్యటి వాసన ఉన్నట్టే అనిపించింది. అది నిజమో, రసాలు తినలేకపోయిన నా బాధో చెప్పలేను.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పనసచెక్క గురించి నాకు పాఠం చెప్పాల్సిన వయసా వాడిది? మా ఇంట్లో వీణ ఉంది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది, నూజివీడుదే. ప్రస్తుతం బీరువా మీద గలేబు కప్పుకుని, పాత దుప్పట్ల పక్కన విశ్రాంతి తీసుకుంటోంది. మన వీణలు పనసతోనే చేస్తారు. బొబ్బిలి వీణకు ఏకాండి వీణ అని పేరు రావడమే కుండా దండీ ఒకే మొద్దులోంచి తొలచడం వల్ల. మృదంగానికీ పనసే. వీటిలో చెక్క ఊరికే కూచోదు. తీగ మీటితే ఆ కదలిక గుర్రం మీదుగా కుండ పైపలకకు దిగుతుంది, ఆ పలక అదిరి గాలిని కదిలిస్తుంది. ఉత్త తీగను గోడకు కట్టి మీటి చూడండి, దోమ పాడినట్టుంటుంది. వీణ పాటంటే అందులో పెద్ద భాగం ఆ చెక్క పాటే. ఆ చెక్క బాగా ఎండాలి, మందం చేతికి తెలియాలి, వేలి కణుపుతో కొడితే సమాధానం చెప్పాలి. అక్కడ చెక్క ముఖ్యమంటే దణ్ణం పెడతాను.

మరి హెడ్‌ఫోనులో? వాడు విప్పి పెట్టినప్పుడు కళ్లజోడు సవరించుకుని చూశాను. మధ్యలో పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. ముందుకొచ్చిన చప్పుడు చెవిలోకి. వెనక్కి పోయిన చప్పుడు చిప్పలోకి. ఆ వెనక్కి పోయినది చిప్ప గోడకు తగిలి, మళ్లీ ఆ పల్చటి పొరలోంచే తిరిగొచ్చి అసలు పాటలో కలిసి కంగాళీ చేస్తుంది. అలా చేయకుండా లోపల ఫెల్టో స్పాంజో కూరతారు. చిప్ప గోడ తనంతట తాను అదిరిందా, అది పాటగాడు పాడని పాట. అంటే వీణలో చెక్క నోరు విప్పాలి, ఇక్కడ చెక్క నోరు మూసుకోవాలి. పల్చటి ప్లాస్టిక్ డొల్లగా మోగుతుంది కాబట్టి మందపాటి చెక్క కొంత మేలు, కాదనను. కానీ వెనక నిలబడి, వచ్చి పడిన ప్రతిదాన్నీ మింగి, కిక్కురుమనకుండా ఉండడానికి రెండొందల ఏళ్ల జపాన్ చెట్టు కావాలా? ఆ ఉద్యోగం ఈ ఇంట్లో నేను జీతం లేకుండా చేస్తూనే ఉన్నాను.

ఈ మాట మా ఆవిడతో అంటే, "మీరెప్పుడు కిక్కురుమనకుండా ఉన్నారు?" అంది. సాక్షి ఎదురు తిరగడమంటే ఇదే.

పనస ముక్కకు ముందు ఇంకో అధ్యాయం ఉంది, త్వరగా చెప్పేస్తాను. కొండపల్లి నుంచి తెల్ల పొణికి తెచ్చాడు. బొమ్మల చెక్క. దూదిలా తేలిక, వేలిగోటితో నొక్కితే గుర్తు పడుతుంది. మా వడ్రంగి దాన్ని చేతిలో తూచి, "ఇది ఏనుగు అంబారీకి పనికొస్తుంది గాని స్క్రూ పట్టదు బాబూ" అన్నాడు. వినలేదు. రెండు చిప్పలు తీయించాడు. మూడోసారి విప్పి బిగించేసరికి మర ఊడిపోయింది. కొండపల్లి వాళ్లు బొమ్మకు కాళ్లూ చేతులూ అతకడానికి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు వాడతారు, నువ్వూ అదే పెట్టి అతికించుకో అని సలహా ఇచ్చాను. మంచి సలహాకు ఈ ఇంట్లో విలువ లేదు. ఆ రెండు చిప్పల్లో మా ఆవిడ ఇప్పుడు ఒత్తులు పెట్టుకుంటోంది.

పనస చిప్పలు వచ్చిన రోజు మాత్రం ఇల్లంతా పండగ. లేత్ మీద తీసిన వలయాలు గిన్నె లోపల సన్నగా కనపడుతున్నాయి. పసుపు రంగు అప్పటికే కాస్త ఎర్రబారింది. మా వాడు బిగించుకుని, కళ్లు మూసుకుని, అయిదు నిమిషాల తర్వాత "వెచ్చదనం వచ్చింది" అన్నాడు. బెజవాడలో రోహిణి కార్తెలో చెవుల మీద రెండు చెక్క మూతలు బిగించుకున్నవాడికి వెచ్చదనం రాక ఏమొస్తుంది?

వెచ్చదనమంటే అది కాదట. కింది స్వరాలు నిండుగా వస్తున్నాయట, అదంతా పనస మహిమట. నేను పక్కనే ఉన్న వడ్రంగిని చూశాను. ఆయన తల గోక్కుంటూ, "మొద్దులో చిన్న బీట ఉంటే, అది పోయేదాకా కాస్త లోతుగా తీశానండి" అన్నాడు. కొలిచి చూస్తే పాత ప్లాస్టిక్ చిప్ప కంటే ఇది వేలి మందం లోతు. కాలవల శాఖలో చేసినవాడికి ఇది ఒకరు చెప్పాలా? వెనక గాలికి చోటు పెరిగితే ఆ పొరకు కదలడం సులువవుతుంది, కింది స్వరాల తీరు మారుతుంది. ఘనత పనసది కాదు, బీటది. ఆ లోతున వేపచెక్క తొలిచినా దాదాపు అంతే వచ్చేదని నేను ఇప్పటికీ అంటాను. పోనీ రెండూ పోల్చి చూద్దామంటే, ఒక్కో చిప్పకు నాలుగు స్క్రూలు, మార్చడానికి పావుగంట. పావుగంట క్రితం విన్న చప్పుడు చెవికి గుర్తుంటుందా? పొద్దున తిన్న కూరలో ఉప్పు ఎంతుందో సాయంత్రం చెప్పమన్నట్టుంటుంది.

"మీరే వినండి" అన్నాడు. అదే నేను చేసిన తప్పు, విన్నాను.

నా చెవులేమీ తీసిపారేసేవి కావు. బెజవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆ భక్తిరంజని వింటూ పెరిగిన చెవులివి. మా నాన్నగారి చెక్కపెట్టె రేడియోలో మృదంగం ఎడమవైపు మోగితే పైనున్న ఇత్తడి చెంబు కూడా వంత పాడేది. అక్కడ పెట్టె ఏం కలుపుతోందో, చెంబు ఏం కలుపుతోందో విడదీసి చెప్పగలిగినవాణ్ణి. మా వాడు తని ఆవర్తనం పెట్టాడు. మృదంగం కుడివైపు టకటకలు శుభ్రంగా వినపడుతున్నాయి. ఎడమవైపు ఆ గుమ్మనే నాదం లేదు. అసలు లేదు. గెలిచాననుకున్నాను.

"ఏదిరా నీ నిండుదనం? మృదంగానికి సగం తోలు ఊడిపోయినట్టుంది."

వాడు నా మొహంలోకి చూసి, "నాన్నగారూ, ఓసారి కళ్లజోడు తీయండి" అన్నాడు. పాట వినడానికి కళ్లజోడుకేమిటి సంబంధమని తీశాను. తియ్యగానే ఎడమవైపు గుమ్మంది. పొట్టలో తెలిసింది. ఎదురుగా మా ఆవిడ మసగ్గా కనపడుతోంది గాని, మృదంగం మాత్రం రెండు వైపులా నిండుగా ఉంది.

సంగతేమిటంటే, చెవి చుట్టూ ఆనే ఆ మెత్తటి దిండు చర్మానికి సందు లేకుండా అంటుకోవాలి. కళ్లజోడు కాడ మధ్యలో దూరితే పిసరంత సందు వస్తుంది. ఆ సందులోంచి అన్నిటికంటే ముందు జారిపోయేవి కింది స్వరాలే. గట్టుకు ఎండ్రకాయ బొరియ పెట్టినట్టు. ముప్ఫై నాలుగేళ్లు గట్లకు గండ్లు పూడ్పించి, నా చెవి పక్కన గండి నేనే పెట్టుకుని కూచున్నాను. మహాగనీ, ఎబొనీ, వెదురు, పనస, ఇవన్నీ కలిసి తేలేని తేడా మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాడ తెచ్చింది. నా కాడలు మరీ లావు. చవగ్గా వస్తుందని నేనే ఏరుకున్న ఫ్రేము.

ఇది నా వాదనకు బలమే కదా? చెక్కది కాదు గొప్పంతా, దిండుదీ సందుదీ అని కోర్టులో ఏ ప్లీడరైనా ఒప్పుకుంటాడు. మా వాడు కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మెత్తటి గొర్రెతోలు దిండ్లు తెప్పించాడు. వాటి ధర నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

నా సంగతి వేరే. రోజూ మధ్యాహ్నం వాడు మీటింగులో లేనప్పుడు ఒక అరగంట ఆ హెడ్‌ఫోను నా అధీనంలో ఉంటోంది. ఆధారాలు పరిశీలించాలి గదా. కానీ కళ్లజోడు తీస్తే పేపరు కనపడదు, పెడితే మృదంగం ఎడమవైపు పోతుంది. చూపో, వినికిడో ఒకటే దక్కే పరిస్థితి. మా ఆవిడ రెండు రోజులు చూసి, "వెళ్లి సన్న కాడలవి చేయించుకోరాదూ" అంది. చెవికి పట్టేదానికి ఖర్చు పెట్టనని ఊరంతా చాటినవాణ్ణి గదా, కంటికని చెప్పుకోవచ్చు అని కూడా ఆవిడే దారి చూపించింది.

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. కళ్లజోళ్ల షాపులో కుర్రాడు మర్యాదగా కూచోబెట్టి మంచినీళ్లిచ్చాడు. కాడలు సన్నగా, తేలిగ్గా ఉండాలన్నాను. ఎందుకో చెప్పలేదు. అద్దాల బీరువా తాళం తీసి, వెల్వెట్ ట్రే ఒకటి ముందు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"కొత్తగా చెక్క ఫ్రేములు వచ్చాయి బాబాయిగారూ. వాల్‌నట్ చూపించమంటారా?"