కొత్తవంటల మనిషి

ఇంతకుముందు ఎన్నడూ చేయని వంటను వారానికి ఒకటికి తగ్గకుండా చేసి, ఇంట్లోవాళ్లకు పెట్టి, వాళ్ల ముఖాల్లోకి చూస్తూ నిలబడే మనిషి కొత్తవంటల మనిషి. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఈ రకం కనిపిస్తుంది. వంటలో ఆరితేరినవాళ్లు సాధారణంగా ఈ కోవలోకి రారు. పచ్చిపులుసులో చేయి తిరిగినవాళ్లు పచ్చిపులుసుతోనే పేరు తెచ్చుకుంటారు, వాళ్లకు పరాయి దేశాలతో పనిలేదు. వంట అసలు రానివాళ్లూ ఇందులోకి రారు, వాళ్లకు భయం ఉంటుంది. ఈ ఇద్దరికీ నడుమ, వంట కొంత వచ్చి భయం పూర్తిగా పోయినవాళ్లలో ఈ లక్షణం పుడుతుంది. గుర్తుపట్టడం తేలిక: చేసిన వంట కుదరకపోతే మళ్లీ చేయరు, కుదిరితే అసలే చేయరు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఈ మనుషులు ఊరికొక తీరుగా ఉంటారు. ఊరి బతుకుదెరువే ఈ తేడాకు మూలం.

జగిత్యాల రకం చదువుకున్న రకం. ఇంట్లో ఒకరికైనా సర్కారు నౌకరి ఉంటుంది. వంటల కోసం వేరే నోటుబుక్కు ఉంటుంది. అందులో తేదీ, సరుకులు, ఫలితం వరుసగా రాసి ఉంటాయి. ఫలితం గడిలో ఎప్పుడూ ‘బాగుంది’ అనే ఉంటుంది, రాసేది వండినవాళ్లే గనుక. ఈ ఊరి పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ‘జగిత్యాల సన్నాలు’గా పేరుపడ్డ జేజీఎల్ 1798 వరి వంగడం అక్కడిదే. ఒక కొత్త వంగడాన్ని బయటికి వదలాలంటే అక్కడ ఏళ్ల తరబడి మడుల్లో పరీక్షిస్తారు, చిరుసంచుల్లో రైతులకిచ్చి వాళ్ల పొలాల్లో వేయించి చూస్తారు, తెగుళ్లను తట్టుకుంటుందో లేదో రాసుకుంటారు, ఆ తర్వాతే విడుదల. జగిత్యాల వంటింట్లో మధ్యాహ్నం మూడింటికి ఫోనులో చూసిన పుట్టగొడుగుల రిసోటో రాత్రి ఎనిమిదింటికి విడుదలవుతుంది. చిరుసంచుల దశ ఉండదు. తెగుళ్లను తట్టుకోవాల్సింది తినేవాళ్లే. పైగా రిసోటోకు ఇటలీవాళ్లు వాడేది పొట్టిగా, లావుగా ఉండి గంజి వదిలే అర్బోరియో బియ్యం. సన్నాల గుణం పొడిపొడిగా విడిపోవడం. వాటిని పాలు పోసి ఎంత కలిపినా తయారయ్యేది పుట్టగొడుగుల పాలన్నమే. ఎండకాలంలో చల్‌గల్ మార్కెట్‌కు మామిడికాయ రాగానే ఈ రకానికి చేతులు ఊరుకోవు. తొక్కు పెట్టాల్సిన కాయ చీజ్‌కేక్ మీదికి పోతుంది.

కోరుట్ల రకంలో మగవాళ్లు ఎక్కువ. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా జనం గల్ఫ్ దేశాలకు పనికి పోతున్నారు. అక్కడ క్యాంపు గదుల్లో వంతులవారీగా వంట సాగుతుంది. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లు చాయ్ పెట్టుకోవడం రాని మనిషి అక్కడ వంతు తప్పక గంటె పడతాడు, మచ్‌బూస్ నేర్చుకుంటాడు. సెలవు మీద వచ్చేటప్పుడు పెట్టెలో టాంగ్, నిడో డబ్బాలతోపాటు అరబ్బు వంటల్లో వేసే ఎండు నిమ్మకాయలు కూడా తెస్తాడు. అవి నల్లగా, గట్టిగా ఉంటాయి. మొదటిసారి చూసిన అవ్వ వాటిని దిష్టికి కట్టేవనుకుంటుంది. ఈ రకానికి ఉన్న పెద్ద చిక్కు పరిమాణం. గదిలో పదిమందికి వండి అలవాటైన చేయి నలుగురికి వండలేదు. అందువల్ల కోరుట్లలో ప్రయోగం ఇంటితో ఆగదు, వాడకట్టు మొత్తానికి ఇస్తారాకులు పడతాయి. వండిన మనిషి పేరు వాడకట్టంతా మోగుతుంది. గంజులు తోమిన మనిషి, అందుకోసం పక్కకు పెట్టిన బీడీలు చుట్టే చాటను మళ్లీ ముందుకు లాక్కుంటుంది.

సిరిసిల్ల రకం భీవండి మీదుగా వచ్చింది. సిరిసిల్ల పద్మశాలి కుటుంబాలు మగ్గాల పని వెతుక్కుంటూ భీవండి, షోలాపూర్, సూరత్‌లకు వలసపోయాయి. కొన్ని అక్కడే ఉండిపోయాయి, కొన్ని తిరిగివచ్చాయి. తిరిగివచ్చిన ఇళ్లలో పొద్దున ఉప్పిడిపిండి పోయి పోహా వచ్చింది, ఒక్కపొద్దు నాడు సాబుదానా ఖిచిడీ వచ్చింది, సాయంత్రం వడాపావ్ వచ్చింది. పవర్‌లూమ్ ఒకే గుడ్డను ఒకే తీరుగా మీటర్లకు మీటర్లు నేస్తుంది. రంగు, అంచు ఏదుండాలో చెప్పేది ఆర్డర్ ఇచ్చినవాళ్లు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్‌కైనా డిజైన్లు పైనుంచే వచ్చాయి. అటువంటి ఇంట్లో మనిషి తన ఇష్టం వచ్చినట్టు మార్చగలిగేది కూర ఒక్కటే, ఆ హక్కును పూర్తిగా వాడుకుంటారు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరది. రెండరల టిఫిన్ డబ్బాలో నాలుగు కొత్త వంటలు ఇరికించడం అక్కడ లెక్కలోది కాదు. రాత్రి పాళీకి పోయిన మనిషి మగ్గాల చప్పుడు మధ్య ఆ డబ్బా తెరిస్తే, ఏది కూరో ఏది తీపో తిన్నాకే తెలుస్తుంది.

ఈ మూడు రకాలకూ విద్య అందే దారులు కాలాన్నిబట్టి మారాయి. ఒకప్పుడు మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ పుస్తకం, వారపత్రికల్లో ఆడవాళ్ల పేజీ ఆధారం. పుస్తకంతో ఒక మేలుండేది: కొన్నాక అది పెరగదు, చివరి పేజీ దగ్గర ఇంటిల్లిపాదికీ విముక్తి. తర్వాత టీవీ వచ్చింది, 2015లో ఈటీవీ అభిరుచి పేరుతో వంటలకే ఒక ఛానెల్ వచ్చింది. అయినా చూపించింది చూడడమే తప్ప అడిగింది చూపించే ఏర్పాటు లేదు. 2016లో జియో రాకతో ఇంటర్నెట్ చవకై ఆ అడ్డూ తొలగింది. 2012లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మొదలైన యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో, అందులోని గంగవ్వ ఊరూవాడా తెలిసిన పేర్లయ్యాక, ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ఒక ఛానెల్ పుట్టే ప్రమాదం ఏర్పడింది. ఇప్పుడు పొయ్యి పక్కన ఉప్పు డబ్బాకు ఉన్నంత స్థిరమైన చోటు ఫోను స్టాండుకూ ఉంది. వంట దిగాక నాలుగు దిక్కుల నుంచీ ఫొటో తీసేదాకా ఎవరూ చేయి పెట్టరాదు. ఆలోగా అది చల్లారుతుంది. రుచిలో లోపమేదైనా ఉంటే నేరం చల్లారడం మీదికి పోతుంది.

కొలతల దగ్గర మొదటి గండం. అమెరికా వంటకాల్లో కప్పు అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. ఇక్కడి ఇళ్లలో కప్పు అంటే చాయ్ కప్పు, అది అందులో సగం ఉంటే గొప్ప. మైదాను చాయ్ కప్పుతోనూ పాలను స్టీలు గ్లాసుతోనూ కొలిస్తే కేకుపిండి దోసెపిండి అవుతుంది. అమెరికాలో ఉన్న చెల్లె పంపిన రెసిపీలో ఓవెన్‌ను 350 డిగ్రీలకు పెట్టమని ఉంటుంది. అది ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో 177. ఇంట్లో ఉన్న ఓవెన్ మీద 250 దాటి అంకెలే ఉండవు. కొత్తవంటల మనిషి దాన్ని చివరిదాకా తిప్పి, తక్కువపడ్డ వంద డిగ్రీలకు బదులు ఇంకో ఇరవై నిమిషాలు ఉంచుతుంది.

ఓవెన్ లేని ఇళ్లలో కుక్కరే ఓవెన్. 2020 లాక్‌డౌన్‌లో బేకరీలు మూతపడ్డప్పుడు ఈ పద్ధతి ఇంటింటికీ పాకింది. మూతకున్న రబ్బరు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పో ఇసుకో పోసి, లోపల కేకు గిన్నె పెట్టి సన్నటి సెగ మీద ముప్పావు గంట ఉంచాలి. పద్ధతిలో తప్పులేదు. కేకును పొంగించేది లోపలి గ్యాసు బుడగలు. పిండీ గుడ్డూ గట్టిపడేదాకా ఆ బుడగలకు ఆసరా ఉండదు. నడుమ మూత తీస్తే వేడి దిగి నడిమిభాగం కుంగిపోతుంది. మూత తీసి చూడకుండా ముప్పావు గంట ఓపిక పట్టగలిగితే ఆ మనిషి ఈ వ్యాసంలోకి వచ్చేదే కాదు. బేకింగ్ పౌడర్ లేక అంతే కొలత వంటసోడా వేయడం మరో అలవాటు. పౌడర్‌లో పులుపు ముందే కలిసి ఉంటుంది. సోడాకు పెరుగో నిమ్మరసమో తోడు కావాలి, దాని బలం కూడా దాదాపు మూడింతలు. తోడు దొరకని సోడా కేకుకు సబ్బు రుచి పట్టిస్తుంది. కుంగిన కేకును ముక్కలు చేసి, పాలలో నానబెట్టి, పుడ్డింగ్ అని పేరు మార్చి పెట్టడం ఈ మనుషులు మొదటి నెలలోనే నేర్చుకునే విద్య.

రెండో గండం సరుకులది. థాయ్ కూర చేయాలనుకున్నప్పుడు నిమ్మగడ్డి దొరకదు, నిమ్మతొక్క వేస్తారు. గలంగల్ దొరకదు, అల్లం వేస్తారు. థాయ్ తులసి దొరకదు. వాకిట్లో గద్దె మీది తులసిని తెంపితే అత్తమ్మ ఊరుకోదు, కొత్తిమీర వేస్తారు. చేపల సాసు ఉండదు, ఉప్పు ఎక్కువేస్తారు. ఇన్ని మార్పులు జరిగాక పొయ్యి మీద ఉడికేది ఆలుగడ్డ కొబ్బరి కుర్మా. పేరు మాత్రం థాయ్‌లాండ్‌లోనే ఉంటుంది. కరీంనగర్ పోయినప్పుడు పిజ్జాతోపాటు ఇచ్చిన ఒరేగానో పొట్లాలు పోపుడబ్బాలో జీలకర్ర పక్కన చేరతాయి. అవి అయిపోతే ఓమ వేస్తారు. ఒరేగానోలోనూ ఓమలోనూ థైమాల్ ఉంటుంది గనుక మొత్తం మార్పుల్లో శాస్త్రం ఒప్పుకునేది ఇదొక్కటే. పిజ్జాకు సకినాల వాసన వస్తుంది.

రుచి చూసేవాళ్లు లేకపోతే ఈ విద్య నిలవదు. వాళ్ల తీర్పులకు స్థిరమైన అర్థాలున్నాయి. ‘మంచిగనే ఉన్నది’ అంటే తిన్నాం, మళ్లీ వద్దు అని. ‘గిదేంది?’ అంటే పేరు చెబితేగాని ముద్ద ఎత్తరని. ‘పిల్లలకు పెట్టు, వాళ్లు తింటరు’ అంటే పెద్దవాళ్లు తప్పుకున్నారని. ‘పచ్చిపులుసు ఏమన్న ఉన్నదా?’ అంటే కేసు కొట్టేశారని. ‘ఇంకింత ఎయ్యి’ అనే మాట ఎప్పుడో గాని వినబడదు, అది విన్న రోజున ఆ మనిషి రాత్రి నిద్రపోదు. అత్తమ్మ సూపు ముందు పెట్టినా ‘పండ్లు లేవు బిడ్డా, నమలరాదు’ అంటుంది. మామకు ఏ వంట మీదా పక్షపాతం లేదు: పాస్తానైనా అన్నంలో కలుపుకొని మీద సల్ల పోసుకుంటాడు. భర్త తలె ఖాళీ చేసి బయటికి పోతాడు, చౌరస్తాలో మిర్చిబజ్జీల బండి దగ్గర కనిపిస్తాడు. పొరుగింటికి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్నది ఇక్కడి మర్యాద. రంజాన్‌కు షీర్ ఖుర్మాతో వచ్చిన గిన్నె మెక్సికో కూరతో వెనక్కి పోతుంది. ఆ ఇంట్లోనూ ఇదే జాతి మనిషి ఉంటే రెండిళ్లకూ ఏడాదంతా తెరిపి ఉండదు.

కొన్ని దినాలు ప్రయోగాలకు నిషిద్ధం. సంక్రాంతికి సకినాల చుట్లు పాత తీరుగానే తిరగాలి. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పెరుగు సద్ది ఉండాలి, అందులో చాక్లెట్‌కు చోటులేదు. పెత్రమాస నాడు నిషేధం ఇంకా గట్టిది, ఎందుకంటే పెద్దలు తిని బాగాలేదని చెప్పలేరు. ఆదివారం మటన్ ధర వల్ల నిషిద్ధం. కిలో మటన్‌ను పాడుచేసిన ప్రయోగం ఆ ఇంట్లో పెళ్లిళ్లదాకా గుర్తుంటుంది. అందుకే ప్రయోగాల బరువంతా పనీర్, మైదా, ఆలుగడ్డల మీద పడుతుంది.

చేసిన వంటల్లో చాలావరకు ఆ పూటతోనే ముగిసిపోతాయి. బతికిన ఒకటి రెంటిని బతికించేది కనిపెట్టిన మనిషి కాదు, వ్యతిరేకించిన మనిషి. పాస్తాను పురుగుల్లా ఉందన్న అత్తమ్మే, కోడలు ఊరికి పోయిన రోజు మిగిలిన పొట్లం విప్పి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలతో గుడాల తీరుగ పోపు పెడుతుంది, మీద నువ్వులపొడి చల్లుతుంది. నెల తిరిగేసరికి అది ‘మా ఇంట్ల మొదటి సంది చేసేదే’ అవుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మక్కలు, మిరపకాయ, పల్లి, ఆలుగడ్డ, టమాట అన్నీ అమెరికా ఖండాల్లో పుట్టినవి. పోర్చుగీసువాళ్ల ఓడలు దారి తెరిచాక, 16వ శతాబ్దం నుంచి ఒక్కొక్కటిగా భారతదేశానికి చేరాయి. మక్క గుడాలు, పల్లీలు కలిపిన సర్వపిండి, ఎర్రటి మిరపకారం తాతల నాటివేగాని తాతల తాతల నాటివి కావు. బియ్యప్పిండిలో పల్లీలు మొదటిసారి కలిపిన చేయి ఎవరిదో ఉండే ఉంటుంది, ‘గిదేంది?’ అన్న నోరూ ఉండే ఉంటుంది. పేరు దక్కింది వంటకే.

వంట ఇంటిదైన తర్వాత దాన్ని తెచ్చిన మనిషికి దాని మీద మనసు ఉండదు. ‘ఆ పాస్తా గుడాలు ఇయ్యాల చెయ్యరాదు?’ అని ఇంటిల్లిపాది అడిగితే, అది అత్తమ్మకే బాగా వస్తుందని తప్పుకుంటుంది. అప్పటికి ఆమె కిమ్చీ కోసం గోబిగడ్డ తరుగుతూ ఉంటుంది.