ఆడపిల్లలకు వీల్‌చైర్ టెన్నిస్: అడ్డదిడ్డంగా అనిపించే సలహాలు

మీ అమ్మాయి వీల్‌చైర్ టెన్నిస్ ఆడతానంటే కోర్టు చూడ్డానికి వెళ్లకండి. ముందు బాత్రూమ్ చూడండి. వినడానికి ఎలా ఉన్నా, కడియం చుట్టుపక్కల అమ్మానాన్నలకి నేనిచ్చే మొదటి సలహా ఇదే. వెంట టేపు పట్టుకెళ్లి తలుపు వెడల్పు కొలవండి, గడప ఎంత ఎత్తుందో చూడండి, లోపల కుర్చీ తిరుగుతుందో లేదో తిప్పి చూడండి. తిరగకపోతే పిల్ల ఎవరికీ చెప్పదు, పొద్దున్నుంచీ మంచినీళ్లు మానేస్తుంది. మన గోదావరి ఉక్కపోతలో నీళ్లు తాగకుండా ఆడితే కళ్లు తిరుగుతాయి, తర్వాత మూత్రంలో మంట. ఆడపిల్ల ఆట మానేయడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఆటల కుర్చీ అప్పుడే కొనకండి. చక్రాలు ఏటవాలుగా ఉండి, వెనక్కి పడకుండా చిన్న చక్రం అమర్చిన విదేశీ కుర్చీ లక్షల్లో ఉంటుంది. ఎదిగే పిల్లకి కొలతలిచ్చి చేయిస్తే త్వరలోనే బిగుతైపోతుంది. ఉన్న కుర్చీలోనే నడుముకి బెల్టు కట్టి మొదలుపెట్టండి. కొత్తలో వెనక ఒక మనిషి ఉంటే చాలు. కొన్నాళ్లు బంతి కూడా ఇవ్వకండి. రాకెట్ పిడిని చక్రం రిమ్ముకి అదిమి పట్టుకుని కుర్చీ తోసుకోవడం ముందు రావాలి. కొట్టాక ఆగకుండా తిరగడం రావాలి. ఆగిన కుర్చీని మళ్లీ కదిలించేలోపు పాయింటు పోతుంది.

కుర్చీ మీరు తోయకండి. పడితే పరుగెత్తకండి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించడం ముందే నేర్పండి.

బంతి రెండుసార్లు నేలకి తగిలాక కొడితే అది జాలితో ఇచ్చిన వెసులుబాటని అనేవాళ్లుంటారు. వాళ్ల మాట పట్టించుకోకండి. అది అంతర్జాతీయ నిబంధన. రెండోసారి కోర్టు బయట పడినా ఫర్వాలేదు. కోర్టు, నెట్, రాకెట్, బంతి అన్నీ మామూలు టెన్నిస్‌వే.

ఊళ్లో చక్రాల కుర్చీలో ఆడే అమ్మాయి ఇంకొకరు లేరని ఆగిపోకండి. నడిచే పిల్లలతోనే, అబ్బాయిలతో కూడా ఆడించండి. ఈ అమ్మాయికి రెండు బౌన్సులు, వాళ్లకి ఒకటే. ఇదీ నిబంధనల్లో ఉన్నదే. పోటీలకు సిద్ధమయ్యాక బెంగళూరు వైపు చూడండి, మన దేశంలో ఈ ఆటకి ముఖ్య కేంద్రం అదే.

పదో తరగతి అయ్యాక చూద్దాం అనకండి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి యుయి కమిజి పదకొండేళ్లకే మొదలుపెట్టింది. 2022లో యు.ఎస్. ఓపెన్ మొదటిసారి జూనియర్ వీల్‌చైర్ పోటీలు పెట్టినప్పుడు బాలికల సింగిల్స్ గెలిచింది బ్రెజిల్‌కి చెందిన జేడ్ లనాయ్. జూనియర్ల వయసు పద్దెనిమిదితో సరి. ఆలస్యం చేస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

కడియం, కడియపులంక నర్సరీల యజమానులకి ఒక మనవి. మీలో కొందరికి మొక్కల లోడింగు కోసం వేయించిన సిమెంటు గచ్చు ఉంది. సింగిల్స్ కోర్టుకి కావాల్సింది 78 అడుగుల పొడవు, 27 అడుగుల వెడల్పు, చుట్టూ కుర్చీ తిరిగే చోటు. లారీ రాని పూట సున్నంతో గీతలు గీయించి, మధ్యలో మూడడుగుల ఎత్తున షేడ్ నెట్ ముక్క కట్టించండి. పిల్లలు ఆడుకునే గంటసేపు గేటు తీసి పెట్టండి, చాలు.